టెక్ సందేహాలు: చిట్టీ పుస్తకం అందరి దగ్గరా ఉంటే

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో మూడు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. అందుకే మిగతావాటిని వచ్చే వారానికి వాయిదా వేసి, ఈ మూడింటికే వివరంగా సమాధానం రాస్తున్నాను.

ప్రశ్న: వెబ్3 అంటే ఏ కంపెనీ చేతిలోనూ ఉండని ఇంటర్నెట్ అని మా కాలేజీ సెమినార్‌లో చెప్పారు. సర్వర్ లేకుండా ఇంటర్నెట్ ఎలా నడుస్తుంది? బ్లాక్‌చెయిన్‌కూ దానికీ సంబంధం ఏమిటి?
- డిగ్రీ విద్యార్థిని, మిర్యాలగూడ

కంప్యూటర్లు లేకుండా ఏ ఇంటర్నెట్టూ నడవదు. వెబ్3లో మారేది కంప్యూటర్ల అవసరం కాదు, లెక్కల పుస్తకం ఎవరి దగ్గర ఉంటుందన్న విషయం. దీన్ని అర్థం చేసుకోవడానికి మన ఊళ్లలో నడిచే చిట్టీ కన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఇరవై మంది కలిసి నెలకు 5,000 రూపాయల చొప్పున చిట్టీ వేస్తున్నారనుకోండి. ఎవరు కట్టారు, ఎవరు పాట పాడి ఎత్తుకున్నారు, ఎవరు బాకీ ఉన్నారు అన్న వివరాలన్నీ చిట్టీ నడిపే మనిషి పుస్తకంలోనే ఉంటాయి. ఆ మనిషి నిజాయితీపరులైతే ఇబ్బంది లేదు. ఒక అంకె దిద్దినా, పుస్తకం పోయిందన్నా మిగతా పందొమ్మిది మంది దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. ఈరోజు మనం వాడే సామాజిక మాధ్యమాలు, వీడియో సైట్లు, ఈమెయిళ్లు అన్నీ ఈ పద్ధతిలోనే నడుస్తున్నాయి: పుస్తకం కంపెనీ సర్వర్లో ఉంటుంది, మన ఖాతా ఉంచాలా తీసెయ్యాలా అన్నది ఆ కంపెనీయే నిర్ణయిస్తుంది.

ఇప్పుడు ఆ పుస్తకం నకలు ఇరవై మంది దగ్గరా ఉందనుకోండి. కొత్త పద్దు రాయాలంటే అందరి పుస్తకాల్లోనూ ఒకేలా రాయాలి. దీనికి తోడు ఇంకొక ఏర్పాటు ఉంటుంది: ప్రతి పేజీ మొదట్లో అంతకుముందు పేజీ నుంచి లెక్కగట్టిన ఒక ముద్ర వేస్తారు. దీన్నే హ్యాష్ అంటారు. బిట్‌కాయిన్ అనే డిజిటల్ నాణెం వాడే షా-256 పద్ధతిలో ఈ ముద్రను మామూలుగా 64 అక్షరాలు, అంకెల వరుసగా రాస్తారు. పాత పేజీలో 5,000ని 50,000గా దిద్దితే దాని ముద్ర పూర్తిగా మారిపోతుంది, తర్వాతి పేజీలో రాసి ఉన్న ముద్రతో కలవదు, ఆ తర్వాతి పేజీలన్నీ ఒకదాని వెంట ఒకటి తప్పుబడతాయి. పేజీని బ్లాక్ అనీ, ఇలా ఒకదానికొకటి ముడిపడిన పేజీల వరుసను బ్లాక్‌చెయిన్ అనీ పిలుస్తున్నారు. పుస్తకం నకలును దగ్గర పెట్టుకున్న ఒక్కో కంప్యూటర్‌ను నోడ్ అంటారు.

అయితే కొత్త పేజీ ఎవరు రాయాలి? ముఖపరిచయం లేని వేలమంది మధ్య ఇదే అసలైన చిక్కు. 2008 అక్టోబరులో సతోషి నకమోటో అన్న పేరుతో వెలువడిన పత్రం దీనికి ఒక దారి చూపింది. 2009 జనవరి 3న బిట్‌కాయిన్ మొదటి బ్లాక్ తయారైంది. అందులో, కంప్యూటర్ చేత ఎంతో శ్రమ చేయించి ఒక కష్టమైన లెక్కకు ముందుగా జవాబు కనుక్కున్నవారు పేజీ రాస్తారు. దీనికి విపరీతంగా కరెంటు ఖర్చవుతుంది. 2015లో మొదలైన ఇథీరియం అనే మరో బ్లాక్‌చెయిన్ కూడా తొలుత ఇలాగే నడిచినా, 2022 సెప్టెంబరులో పద్ధతి మార్చుకుంది. అక్కడ పేజీ రాసే అవకాశం కావాలంటే కనీసం 32 ఈథర్లు (ఇథీరియం సొంత నాణేలు) జమానతు పెట్టాలి, దొంగ లెక్క రాస్తే ఆ జమానతులో కోత పడుతుంది. చిట్టీ ఎత్తుకునేవారిని జమానతు అడగడం మనకు తెలిసిందే కనుక ఇది వింతగా అనిపించదు.

ఇథీరియంలో పద్దులే కాక చిన్న ప్రోగ్రాములు కూడా ఆ పుస్తకంలోనే ఉంటాయి, వాటిని స్మార్ట్ కాంట్రాక్టులు అంటారు. నియమం ఒకసారి రాసిపెడితే, షరతు నెరవేరిన వెంటనే ఎవరి అనుమతీ అడగకుండా అది అమలవుతుంది. ఇలాంటి పునాది మీద కట్టే వెబ్‌కు వెబ్3 అన్న పేరును 2014లో ఇథీరియం సహవ్యవస్థాపకుల్లో ఒకరైన గావిన్ వుడ్ వాడారు. చదవడానికి మాత్రమే పనికివచ్చిన తొలినాటి వెబ్, మనమూ రాయగలిగిన రెండో దశ, మన ఖాతా మీద మనకే హక్కు ఉండే మూడో దశ అన్నది ఆ వాదన.

వాదన బాగుంది, కానీ దాన్ని యథాతథంగా నమ్మవద్దని మీకు చెప్పడం నా బాధ్యత. 2016లో డావో అనే స్మార్ట్ కాంట్రాక్టులోని లోపాన్ని పట్టుకుని ఒకరు దాదాపు 36 లక్షల ఈథర్లను మళ్లించుకున్నారు. అప్పుడు ఎక్కువమంది కూడబలుక్కుని, ఆ మళ్లింపు చెల్లని విధంగా కొత్త శాఖను మొదలుపెట్టారు. ఒప్పుకోనివారు పాత వరుసలోనే ఇథీరియం క్లాసిక్ పేరుతో ఉండిపోయారు. అంటే ‘ఎవరూ మార్చలేరు’ అన్న మాటకు ‘ఎక్కువమంది ఒప్పుకోనంతవరకు’ అన్న షరతు ఉంది. పైగా ఇప్పుడు వెబ్3 అని చెప్పుకునే సేవల్లో చాలావాటి తెరలు, బొమ్మలు మామూలు క్లౌడ్ సర్వర్ల మీదే ఉన్నాయి. సెమినార్లో ఎవరైనా వెబ్3 యాప్ చూపిస్తే, అందులో ఏ భాగం చెయిన్ మీద ఉందో, ఏ భాగం కంపెనీ సర్వర్లో ఉందో అడగండి.

ప్రశ్న: మాది చేనేత కుటుంబం. ఇక్కత్ డిజైన్‌ను ప్రింట్ చేసి, చేనేత పేరుతో అమ్మేస్తున్నారు. చీరకు క్యూఆర్ కోడ్ పెట్టి, వివరాలు బ్లాక్‌చెయిన్‌లో నమోదు చేస్తే నకిలీలు ఆగుతాయని ఒకరు అంటున్నారు. నిజమేనా?
- భూదాన్ పోచంపల్లి

మీ బాధ అర్థమైంది. నూలును చిటికి కట్టి, రంగులద్ది, మగ్గం మీద పడుగునూ పేకనూ కలిపి డిజైన్ తెప్పించడం వెనక ఇంటిల్లిపాది కష్టం ఉంటుంది. మిల్లులో గంటల్లో అచ్చేసిన బట్ట ఆ పేరుతో అమ్ముడుపోవడం అన్యాయం. అందుకే ఈ ప్రశ్నకు తొందరపడి అవునని చెప్పలేను.

బ్లాక్‌చెయిన్ ఒక పని బాగా చేస్తుంది: రాసినదాన్ని తర్వాత ఎవరూ చాటుగా దిద్దకుండా కాపాడుతుంది. కానీ రాసింది నిజమో కాదో దానికి తెలియదు. పహాణీలో సర్వే నంబరు తప్పుగా పడితే రైతు ఎన్ని ఆఫీసులు తిరగాలో మన ప్రాంతంలో అందరికీ తెలుసు. అదే తప్పు బ్లాక్‌చెయిన్‌లో పడితే, ఆ తప్పు కూడా అంతే భద్రంగా ఉంటుంది. మీ చీర విషయంలోనూ ‘ఇది ఫలానా మగ్గం మీద నేసింది’ అన్న మొదటి పద్దు ఎవరు రాస్తారు, చూసి రాస్తారా, చూడకుండా రాస్తారా అన్నదే కీలకం. క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో ఫొటో తీసి, వంద ప్రింటు చీరలకు అతికించవచ్చు. అన్నిటినీ స్కాన్ చేస్తే అసలు చీర వివరాలే కనిపిస్తాయి.

కాబట్టి ఈ ఏర్పాటు చేయాలంటే ముందు మగ్గం దగ్గరికి వచ్చి పరిశీలించే మనిషి, ఒకసారి తీస్తే చిరిగిపోయే ట్యాగు, చీర అమ్ముడైన వెంటనే ఆ నంబరును ముగించే పద్ధతి ఉండాలి. ఈ మూడూ ఉంటే మీ సంఘం నడిపే మామూలు డేటాబేస్ కూడా చాలావరకు ఆ పని చేస్తుంది. నేతగాళ్లు, సంఘాలు, వ్యాపారులు ఒకరి పుస్తకాన్ని ఒకరు నమ్మలేని పరిస్థితిలో మాత్రమే బ్లాక్‌చెయిన్ అదనపు మేలు చేస్తుంది. ప్రస్తుతానికి హ్యాండ్లూమ్ మార్క్, పట్టుకైతే సిల్క్ మార్క్ లేబుళ్లు, పోచంపల్లి ఇక్కత్‌కున్న భౌగోళిక గుర్తింపు మీ చేతిలో ఉన్నాయి. సాంకేతికత అమ్మడానికి వచ్చినవారికి డబ్బు కట్టే ముందు, ఫొటో తీసి అతికించిన కోడ్‌ను మీ ఏర్పాటు ఎలా పట్టుకుంటుందని అడగండి. సూటిగా జవాబు రాకపోతే ఒప్పందం చేసుకోకండి.

ప్రశ్న: వాట్సాప్ గ్రూపులో ఒక వెబ్3 యాప్ గురించి చెప్పారు. 10,000 పెడితే రోజుకు 1 శాతం వస్తుందట, మనుషులను చేర్పిస్తే కమీషన్ కూడా ఉందట. వాలెట్‌ను ధ్రువీకరించడానికి 12 పదాలు టైప్ చేయమంటున్నారు. చేయవచ్చా?
- గద్వాల

చేయకండి. ఆ 12 పదాలను సీడ్ ఫ్రేజ్ అంటారు. అది మీ వాలెట్‌కు, అంటే మీ క్రిప్టో సొమ్మును వాడుకునే యాప్‌కు, మూల తాళం. అది తెలిసినవారు ఏ ఫోన్ నుంచైనా మీ సొమ్మును తమ ఖాతాకు మళ్లించుకోగలరు. బ్యాంకు అయితే ఫిర్యాదు చేయగానే లావాదేవీని నిలిపే ప్రయత్నమైనా చేస్తుంది. ఇక్కడ అలా నిలిపేవారే ఉండరు, ఎందుకంటే పుస్తకం ఏ ఒక్కరి చేతిలోనూ ఉండకూడదన్నదే దీని ఉద్దేశం. మొదటి సమాధానంలో సుగుణంగా చెప్పినదే ఈ చోట ప్రమాదమవుతుంది. నిజమైన వాలెట్ సంస్థ ఏదీ ధ్రువీకరణ పేరుతో ఈ పదాలు అడగదు. ఆ పదాలను కాగితం మీద రాసి ఇంట్లో భద్రపరచాలి, ఫొటో తీయకూడదు, వాట్సాప్‌లో పంపకూడదు.

రోజుకు 1 శాతం అంటే చక్రవడ్డీ లెక్కన ఏడాదికి 10,000 కాస్తా దాదాపు 3.78 లక్షలవుతుంది. ఏ నిజాయితీ గల వ్యాపారమూ ఈ రాబడికి హామీ ఇవ్వలేదు. కొత్తగా చేరేవారి డబ్బు పాతవారికి పంచే పాత మోసానికి ఇది కొత్త పేరు మాత్రమే. ఇప్పటికే డబ్బు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయండి, గ్రూపులోని సందేశాలను, లావాదేవీ నంబర్లను చెరిపేయకుండా దాచుకోండి.

నిజంగా నేర్చుకోవాలన్న ఆసక్తి ఉంటే రూపాయి ఖర్చు లేకుండానే దారి ఉంది. ఇథీరియంకు సెపోలియా అనే పరీక్షా నెట్‌వర్క్ ఉంది. అందులో విలువ లేని ఈథర్లను ఉచితంగా ఇస్తారు. సొమ్ము ఏదీ ఉంచని కొత్త వాలెట్ ఒకటి తెరిచి, ఆ ఈథర్లను మీ స్నేహితుడి వాలెట్‌కు పంపి, ఆ పద్దు అందరికీ ఎలా కనిపిస్తుందో చెయిన్ మీది పద్దులను చూపించే ఎక్స్‌ప్లోరర్ సైటులో చూడండి. అసలు క్రిప్టో కొనాలన్న ఆలోచన తర్వాత కలిగితే, మన దేశంలో దాని లాభంపై 2022 ఏప్రిల్ 1 నుంచి 30 శాతం పన్ను ఉందనీ, ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని మరో నాణెం లాభంలోంచి తీసివేసుకోనివ్వరనీ తెలుసుకున్నాకే నిర్ణయించుకోండి.