పాత సర్వర్ తుడిచే ముందు

చిన్నా,

మీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ప్రధాన సర్వర్ (ప్రైమరీ) స్థానంలోకి దాని నకలు సర్వర్ (స్టాండ్‌బై) వచ్చింది కదా. పాత సర్వర్‌ను పీజీ రివైండ్ అనే టూల్‌తో దానికి మళ్లీ జత చేసేదా అని అడిగావు. ఆగు. అప్లికేషన్ పొరపాటున కూడా దాన్ని తాకకుండా ముందు నెట్‌వర్క్ పీకెయ్. తర్వాత డేటా డైరెక్టరీ మొత్తం కాపీ తీసి పక్కన పెట్టు. రివైండ్ రెండు వైపుల లెక్కలు కలపదు. స్టాండ్‌బైకి చేరని మార్పులను పాత సర్వర్‌లోంచి చెరిపేస్తుంది, అంతే.

కోవూరు మిల్లులో మీ తాతయ్య కాటా దగ్గర చిట్టా రాయించేవాడు, సాయంత్రానికి అది లెడ్జర్‌కి ఎక్కేది. మధ్యాహ్నం ఒక్క లెడ్జర్ చూసి రైతుకు డబ్బులిస్తే ఒక పుట్టి, అంటే మన దగ్గర 850 కిలోలు, తేడా వచ్చేది. అసింక్రనస్ రెప్లికేషన్, అంటే నకలుకు కాస్త ఆలస్యంగా మార్పులు పంపే పద్ధతి, కూడా అదే బాపతు. మార్పు ఖాయమైందని (కమిట్ అయిందని) ప్రైమరీ ముందే చెప్పేస్తుంది, స్టాండ్‌బైకి ఆ సంగతి తర్వాత తెలుస్తుంది.

ఒంగోలులో రొయ్యల మేత బిల్లింగ్ చూసేటప్పుడు నేను చేసిన తప్పు చెప్తా. బిల్లు నంబర్లిచ్చే సీక్వెన్స్ కూడా వాల్‌లోంచే, అంటే ప్రతి మార్పూ రాసుకునే లాగ్‌లోంచే, స్టాండ్‌బైకి వెళ్తుంది. ఆ లాగ్ చివరి ముక్క చేరలేదు కాబట్టి, కొత్త ప్రైమరీ అవే నంబర్లు మళ్లీ ఇచ్చింది. 48211 నంబర్ బిల్లు పాతదాంట్లో కావలి డీలర్‌ది, కొత్తదాంట్లో సింగరాయకొండ డీలర్‌ది. నేనేమో తెలివిగా 'ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్' (అదే నంబర్ ముందే ఉంటే ఆ వరుస వదిలెయ్) పెట్టి పాత వరుసలన్నీ కొత్తదాంట్లోకి తోశాను. కావలి బిల్లు చప్పుడు లేకుండా ఆగిపోయింది. దాంట్లో ఐదు ఐటమ్‌లు, సింగరాయకొండ బిల్లులో రెండే. కావలి ఐటమ్‌లలో మొదటి రెండూ ఆగి, మిగతా మూడూ సింగరాయకొండ బిల్లులో కూర్చున్నాయి. ఎర్రర్ ఒక్కటీ రాలేదు. నెలాఖరున డీలర్ ఫోన్ చేసి తిడితే గానీ తెలియలేదు.

అందుకే ఈ రాత్రే కొత్త ప్రైమరీలో సీక్వెన్స్‌లను పాత గరిష్ఠ నంబర్ దాటించి సెట్ చెయ్. కాపీని వేరే మెషీన్‌లో విడిగా లేపు. రెండు సర్వర్లూ ఎక్కడ విడిపోయాయో కొత్త ప్రైమరీ వాల్ ఫోల్డర్‌లోని హిస్టరీ ఫైలు చెబుతుంది. అక్కడి నుంచి పాత వాల్‌ను పీజీ వాల్‌డంప్ అనే టూల్‌తో చూడు. ఏ టేబుల్, ఏ బ్లాక్ అన్నంత వరకే అది చెబుతుంది, వరుసలోని విలువలు కాపీలో సెలెక్ట్ క్వెరీ వేసి చూసుకోవాల్సిందే.

దొరికిన బిల్లులకు కొత్త నంబర్లిచ్చి ఎక్కించు. ముందే ఉన్న వరుసల్లో జరిగిన మార్పుల (అప్‌డేట్‌ల) జోలికి మాత్రం స్క్రిప్టుతో పోవద్దు. ఒకే ఖాతా రెండు చోట్లా మారి ఉంటే ఏది నిజమో అకౌంట్స్ వాళ్లే చెప్పాలి. 2018 అక్టోబర్‌లో ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్‌కి 43 సెకన్లు నెట్‌వర్క్ లింకు తెగితే, సర్దుకోవడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. పొద్దునకల్లా అయిపోవాలని మీ మేనేజర్ అంటే ఆ లెక్క చూపించు.

కాపీ పూర్తయ్యాక ఎంత రాత్రయినా ఫోన్ చెయ్.

మీ పెదనాన్న