సమాధానం: ‘కొత్తగా జన్మించడం’ అంటే పునర్జన్మేనా?

తీతు పత్రిక 3:5లో ‘పునర్జన్మసంబంధమైన స్నానము’ అని చదివి, బైబిల్ కూడా మరుజన్మను ఒప్పుకుంటోందా అని అడిగారు. కంగారు పడకండి, తెలుగు బైబిల్‌లో ఆ మాట చూస్తే ఎవరికైనా ఈ సందేహం వస్తుంది. మనకు పునర్జన్మ అనగానే చనిపోయి, కర్మను బట్టి ఇంకో శరీరంలో పుట్టడమే గుర్తొస్తుంది కదా. అక్కడ చెప్పింది అది కాదండీ. ఆ వాక్యం పూర్తిగా చదవండి, వెంటనే పరిశుద్ధాత్మ ‘నూతన స్వభావము’ కలుగజేయడం గురించి ఉంటుంది. బతికి ఉండగానే మనిషి లోపల జరిగే మార్పు అది.

యోహాను సువార్త 3వ అధ్యాయంలో, మనిషి ‘క్రొత్తగా’ జన్మించాలని యేసు చెప్పినప్పుడు నీకొదేము అనే యూదుల అధికారికి వచ్చిన అనుమానం కూడా ఇలాంటిదే. ముసలివాడు తల్లి గర్భంలో రెండోసారి ఎలా ప్రవేశిస్తాడని అడిగాడు. యేసు అవునని అనలేదు. శరీరం వల్ల పుట్టింది శరీరం, ఆత్మ వల్ల పుట్టింది ఆత్మ అని విడదీసి చెప్పారు. అక్కడ ‘క్రొత్తగా’ అని అనువదించిన గ్రీకు మాట ‘అనోథెన్’కు ‘పైనుంచి’ అనే అర్థం కూడా ఉంది. నాకైతే ఈ రెండో అర్థం తెలిశాకే ఆ సంభాషణ మొత్తం స్పష్టమైంది.

మరుజన్మ విషయానికి హెబ్రీ పత్రిక 9:27 చూడండి: మనుషులు ఒక్కసారే చనిపోతారు, ఆ తర్వాత తీర్పు. క్రైస్తవ బోధ ఎదురుచూసేది పునరుత్థానం కోసం, అంటే అదే మనిషి తిరిగి లేవడం.

పాత నిబంధన ప్రవక్త ఏలీయాయే బాప్తిస్మమిచ్చు యోహానుగా మళ్లీ పుట్టాడా అని కూడా అడిగారు. ‘నీవు ఏలీయావా’ అని అడిగితే, కానని యోహానే చెప్పాడు (యోహాను 1:21). లూకా 1:17లోని ‘ఏలీయా ఆత్మ, శక్తి’ అనే మాట యోహాను సేవ తీరు గురించినది.