కొత్త ఊళ్లో ఇల్లు వెతికేముందు పిల్లల సాయంత్రాల గురించి ఆలోచించండి

మీ బాబుకి ఏడేళ్లు, పాపకి అయిదు. ఉద్యోగం వల్ల ఎవరూ తెలియని ఊరికి మారుతున్నారు. ఆఫీసు దగ్గర చిన్న ఇల్లు తీసుకోవాలా, బాగా పేరున్న స్కూల్ చుట్టుపక్కల వెతకాలా, లేకపోతే అదే అద్దెకి ఊరి చివర దొరికే పెద్ద ఇంటికి వెళ్లాలా అని అడిగారు. పిల్లలు స్కూల్ వయసులో ఉండగా మేం రెండుసార్లు ఊరు మారాం. మొదటిసారి మా ఎంపిక తప్పింది. దాని కష్టమంతా మా అబ్బాయి పడ్డాడు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. స్కూల్ వదిలిన దగ్గర్నుంచి నిద్రపోయేదాకా పిల్లలకి నాలుగైదు గంటలు మిగులుతాయి. ఆ గంటలు ఎక్కడ, ఎవరితో గడుస్తాయో చూసి ఇల్లు తీసుకోండి. స్కూల్, ఆఫీసు, ఇంటి సైజు అన్నీ దాని తర్వాతే.

మొదటిసారి మారినప్పుడు అబ్బాయికి ఆరేళ్లు. మూడు రోజులు సెలవు పెట్టి వెళ్లి పదకొండు ఇళ్లు చూశాం. అందరూ మెచ్చుకునే స్కూల్‌లో సీటు దొరికింది. ఇల్లు మాత్రం ఆఫీసు వైపు, స్కూల్‌కి పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో తీసుకున్నాం. ఫోన్‌లో మ్యాప్ పాతిక నిమిషాలే చూపించింది. మేం చూసింది ఆదివారం మధ్యాహ్నం. పైగా అది కారులో నేరుగా వెళ్తే పట్టే టైము. స్కూల్ బస్సు సందు సందుకీ ఆగి పిల్లల్ని ఎక్కించుకుంటూ వెళ్లాలి కదా, యాభై అయిదు నిమిషాలు పట్టేది. రానూపోనూ దాదాపు రెండు గంటలు. ఏడాదికి 200 రోజులు స్కూల్ ఉందనుకున్నా 366 గంటలు బస్సులోనే. అంటే పగలూ రాత్రీ కలిపి పదిహేను రోజులు ఆరేళ్ల పిల్లాడు కిటికీ పక్కన కూర్చునే గడిపాడన్నమాట. ఈ లెక్క ఇల్లు తీసుకోకముందే వేసుంటే బాగుండేది. మీరు వేయండి.

బస్సు 6:50కి వచ్చేది. 5:45కి లేపేదాన్ని. ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ అనే నిద్ర వైద్యుల సంస్థ చెబుతుంది. కనీసం 9 గంటలు నిద్రపోవాలన్నా రాత్రి 8:45కల్లా పడుకోవాలి. మా ఆయన ఇంటికొచ్చేది ఎనిమిదింటికి. తండ్రీకొడుకులు ఒకరినొకరు చూసుకునేది ఆ ముప్పావు గంటే. ఒకరోజు వాడు స్కూల్ నుంచి వచ్చాక నేను పాలు వేడిచేసి తెచ్చేలోపు సోఫాలో అలాగే నిద్రపోయాడు. ఒక బూటు విప్పాడు, రెండోది కాలికే ఉంది. సాక్సు బిగుసుకుని పిక్క మీద ఎర్రగా గీత పడింది. విప్పబోయిన లేసు కొస ఇంకా వేళ్ల మధ్యే ఉంది. అప్పటికి స్కూల్ మొదలై రెండు నెలలే.

అలసట కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి ఉంది. మా అపార్ట్‌మెంట్ పిల్లలు దాదాపు అందరూ దగ్గర్లోని వేరే స్కూల్‌లో చదివేవాళ్లు. మూడున్నరకే కిందికి దిగేవాళ్లు. మావాడు వెళ్లేసరికి జట్లు పడిపోయి, ఆట సగంలో ఉండేది. మధ్యమధ్యలో వాళ్ల టీచర్ గురించో, ఆరోజు క్లాసులో జరిగిన దాని గురించో చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. వీడికి ఆ సంగతులేవీ తెలియవు. గేటు పక్కన గట్టు మీద కూర్చుని చూస్తూ ఉండేవాడు. పోనీ క్లాసులో స్నేహితులున్నారా అంటే, ఉన్నారు, ఊరికి తలో మూలన. ఒకరింటికి వెళ్లాలంటే రెండు కుటుంబాలు ఫోన్‌లో మాట్లాడుకుని, వీకెండ్ చూసుకుని, కారు తీయాలి. ఏడాది మొత్తంలో అలా నాలుగుసార్లు కుదిరిందేమో. ఆ స్కూల్ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, చదువు నిజంగానే బాగుండేది. కానీ పద్నాలుగు కిలోమీటర్ల అవతల ఉన్న మంచి స్కూల్ మావాడి సాయంత్రాలన్నీ తీసేసుకుంది.

రెండోసారి మారేటప్పటికి వాడికి తొమ్మిది, పాపకి ఆరు. ఈసారి ముందు ఒక విషయం తేల్చుకున్నాం. పదకొండింటికి పాపకి జ్వరం వచ్చిందని స్కూల్ నుంచి ఫోన్ వస్తే మా ఇద్దరిలో ఎవరు వెళ్తారు? నేనే అని తేలింది, నా పని వేళలు కాస్త సర్దుకోవచ్చు కాబట్టి. అందుకని నేను ఇరవై నిమిషాల్లో స్కూల్‌కి చేరగలగాలి అనేది మొదటి షరతు పెట్టుకున్నాం. మా ఆయన ఆఫీసు దూరమైనా పర్వాలేదనుకున్నాం. మీరిద్దరూ ఉద్యోగాలకి వెళ్లేవాళ్లయితే ఈ మాట ఇల్లు చూడకముందే మాట్లాడుకోండి. మాట్లాడుకోకపోతే ఆ భారం దానంతటదే ఒకరి మీద పడుతుంది, అది ఎవరనేది ఆ జ్వరం వచ్చిన రోజు గొడవపడి తేల్చుకోవాల్సి వస్తుంది.

తర్వాత స్కూళ్లు. అన్నిటికన్నా గొప్పది ఏది అని వెతకలేదు. మాకు సరిపోయేవి మూడు గుర్తించి, వాటిలో ప్రతిదాని చుట్టూ పిల్లలు నడిచి వెళ్లగలిగే దూరంలోనే ఇళ్లు చూశాం. ఇద్దరికీ సీట్లు ఉన్నాయని కాగితం మీద రాయించుకున్నాకే ఇంటికి అడ్వాన్స్ ఇచ్చాం. చిన్న పిల్లలకి సీటు సులువుగా దొరుకుతుంది, పెద్ద క్లాసులో ఖాళీ ఉండకపోవచ్చు. ఇద్దరూ రెండు స్కూళ్లకి వెళ్తే మీ పొద్దుటి పూట రెండు ముక్కలవుతుంది. అలాగే ఆ స్కూల్ ఏ తరగతి దాకా ఉందో అడగండి. మీ బాబుకి ఏడేళ్లు, మూడేళ్లలో ప్రాథమిక తరగతులు దాటిపోతే మళ్లీ వెతుకులాట, మళ్లీ కొత్త స్నేహాలు.

స్కూల్ గురించి స్కూల్‌లో అడిగితే తెలిసేది తక్కువ. వదిలే వేళకి గేటు దగ్గర పిల్లల కోసం ఎదురుచూసే తల్లిదండ్రులతో మాట్లాడండి. "స్కూల్ బాగుంటుందా?" అంటే అందరూ బాగుంటుందనే అంటారు. నేను అడిగిన ప్రశ్న వేరు. "ఇంటికెళ్లాక మీ పిల్లలు ఏం చేస్తారండీ?" అన్నాను. మొదటి స్కూల్ దగ్గర ఆరుగురిని అడిగితే నలుగురు ట్యూషన్ అన్నారు. రెండోచోట ఒకావిడ కాస్త విసుగ్గా, "ఏం చేస్తారు, చీకటి పడేదాకా కిందే ఉంటారు, పిలిచినా రారు" అంది. ఆ మాట విన్నాక నాకు ఇంకేం అడగాలనిపించలేదు.

అదే రోజు సాయంత్రం అయిదింటికి ఆ చుట్టుపక్కల వీధుల్లో తిరిగాం. ఇల్లు చూసేవాళ్లు సాధారణంగా పగటిపూట, తీరిక వేళ చూస్తారు. అప్పుడు వీధి మీకు ఏమీ చెప్పదు, పిల్లలంతా స్కూల్‌లో ఉంటారు కదా. సాయంత్రం ఒక వీధిలో సుద్దముక్కతో నేల మీద గీసిన గళ్లు కనిపించాయి, కొన్ని చెరిగిపోయి వాటి మీదే మళ్లీ కొత్తగా గీసినవి. అంటే నిన్నా ఆడారు, ఇవాళా ఆడారు. గోడకి మూడు చిన్న సైకిళ్లు ఆనించి ఉన్నాయి, తాళాల్లేవు. మా పాప నా చెయ్యి వదిలేసి గళ్ల దగ్గరికి వెళ్లి నిలబడింది. అక్కడున్న అమ్మాయి దీని పేరు కూడా అడక్కుండా చేతిలో రాయి పెట్టింది. ఆ వీధిలో దొరికిన ఇల్లు మేం చూసినవాటిలో అన్నిటికన్నా చిన్నది. అదే తీసుకున్నాం.

పెద్ద ఇల్లు గురించి మీరు అడిగారు కాబట్టి చెబుతున్నా. ఏడేళ్లు, అయిదేళ్ల పిల్లలు ఇంకో మూడు నాలుగేళ్లు ఒకే గదిలో హాయిగా పడుకుంటారు. వాళ్లకి కావాల్సిన చోటు గడప బయట ఉంటుంది. అయిదు నుంచి పదిహేడేళ్ల పిల్లలు సగటున రోజుకి 60 నిమిషాలైనా ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. బయట తోడుంటే ఆ గంట మనం చెప్పకుండానే గడిచిపోతుంది. లేకపోతే మనమే ఏదో క్లాసులో చేర్చి, దింపి, మళ్లీ తెచ్చుకోవాలి.

వీధిలో ట్రాఫిక్ ఎంతుందో మాత్రం తప్పకుండా గమనించండి. 1970 ప్రాంతంలో డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ అనే నగర ప్రణాళిక నిపుణుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకేలా ఉండే మూడు వీధుల్ని పోల్చి చూశారు. రోజుకి సుమారు 2,000 వాహనాలు వెళ్లే వీధివాళ్లకి, 16,000 దాకా వెళ్లే వీధివాళ్ల కన్నా తమ వీధిలో మూడు రెట్లు ఎక్కువ మంది స్నేహితులున్నారట. ఇంగ్లండ్‌లో 1971లో ఏడెనిమిదేళ్ల పిల్లల్లో 80 శాతం మంది పెద్దల తోడు లేకుండా స్కూల్‌కి వెళ్లేవాళ్లు. మేయర్ హిల్‌మన్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 1990లో అవే స్కూళ్లకి మళ్లీ వెళ్లి చూస్తే అది 9 శాతానికి పడిపోయింది. ఎందుకు పంపడం లేదంటే తల్లిదండ్రులు ఎక్కువగా చెప్పిన కారణం ట్రాఫిక్ భయమే. దూరం కిలోమీటరే అయినా మధ్యలో సిగ్నల్ లేని పెద్ద రోడ్డు ఒకటి ఉంటే, పిల్లలకి అది పది కిలోమీటర్లతో సమానం. మేం దిగిన వారంలోనే పాప చెయ్యి పట్టుకుని, దాని నడకతోనే స్కూల్ దాకా నడిచాను. నేను పది నిమిషాలనుకున్నది దానికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది. దారిలో ఆగే చోట్లు దానికి చాలా ఉన్నాయి.

వెళ్లే చోట భాష వేరయితే ఇంకో మాట. ఆటల్లో మాట్లాడే భాష పిల్లలకి సుమారు రెండేళ్లలో పట్టుబడుతుంది కానీ, పాఠాలకి కావాల్సిన భాషలో తోటివాళ్లని అందుకోవడానికి అయిదు నుంచి ఏడేళ్లు పట్టవచ్చని జిమ్ కమిన్స్ అనే భాషా విద్యా పరిశోధకుడు చాలాకాలం కిందటే చూపించారు. బయట గలగలా మాట్లాడే పిల్లాడు పరీక్షలో వెనకబడితే శ్రద్ధ లేదని తిట్టకండి. స్కూల్ ఎంచుకునేటప్పుడు ఇలాంటి పిల్లలకి విడిగా ఏం సాయం చేస్తారో అడిగి తెలుసుకోండి. ఇంట్లో మన భాష ఆపాల్సిన పని లేదు.

ఊరు మార్చి పిల్లల్ని కష్టపెడుతున్నామేమో అని మీరు రాసిన వాక్యం చదివి నాకు మా పాత రోజులు గుర్తొచ్చాయి. అమెరికాలో 1994లో మొదలైన ఒక ప్రభుత్వ కార్యక్రమంలో పేద వాడల నుంచి మెరుగైన చోట్లకి మారిన కుటుంబాల పిల్లల్ని రాజ్ చెట్టి అనే ఆర్థికవేత్త, ఆయన సహచరులు పెద్దయ్యేదాకా గమనించారు. పదమూడేళ్ల లోపే మారినవాళ్లు పెద్దయ్యాక, మారనివాళ్ల కన్నా సుమారు 31 శాతం ఎక్కువ సంపాదించారు. టీనేజ్‌లో మారినవాళ్లకి ఆ లాభం కనిపించలేదు. మీ పరిస్థితి అది కాదు, ఆ అంకె మీకు వర్తించదు. కానీ చిన్నప్పుడు మంచి పరిసరాల్లో గడిపే ఒక్కో ఏడాదీ లెక్కలోకి వస్తుందని, మీ పిల్లల ముందు ఇంకా చాలా ఏళ్లున్నాయని గుర్తుంచుకోండి.

మొదటి ఏడాది అద్దె ఇంట్లోనే ఉండండి, కొనడానికి తొందరపడొద్దు. వీధి స్వభావం తెలియడానికి ఆరు నెలలైనా పడుతుంది. ఎప్పుడు దిగాలంటే, చాలామంది పెద్ద సెలవులు మొదలవగానే మారమంటారు. నాకది నచ్చదు. మొదటిసారి మేం అలాగే చేశాం, తెలిసినవాళ్లు ఒక్కరూ లేని ఊళ్లో పిల్లాడు నెలన్నర ఇంట్లోనే కూర్చున్నాడు. సెలవుల్లో ఎక్కువ రోజులు పాత స్నేహితులతో గడపనిచ్చి, స్కూల్ తెరవడానికి రెండు వారాల ముందు దిగితే చాలు.

అడ్వాన్స్ ఇచ్చే ముందురోజు మామూలు పనిదినం అయ్యేలా చూసుకుని, పొద్దున స్కూల్ వేళకి ఒకసారి, సాయంత్రం అయిదింటికి ఇంకోసారి ఆ వీధికి వెళ్లండి. కుదిరితే పిల్లల్ని కూడా తీసుకెళ్లి, ఒక అరగంట ఊరికే నిలబడండి. మీ బాబు ఎటువైపు చూస్తున్నాడో గమనించండి.