ఆకులు, పూలు గీసే పాప జకార్డు డిజైనింగ్ చదువుతానంటోంది, పంపొచ్చా?

ప్రశ్న: మేడమ్, మాది ధర్మవరం. మా ఆయన పట్టుచీరలు నేస్తారు, చీరలో డిజైన్ ఎత్తే జకార్డు మిషన్ బిగించిన మగ్గం ఇంట్లోనే ఉంది. పాప ఇంటర్ సెకండియర్ బైపీసీ. నోట్‌బుక్కుల నిండా ఆకులు, పూలు, పిట్టలే గీస్తుంది, చీరల డిజైనింగ్ చదువుతానంటోంది. మా ఆయనేమో ఈ కష్టం నాతోనే ఆగిపోవాలి, నర్సింగ్ చేయించు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఆయన భయం నిజమైనదే, మగ్గం గుంటలో కూర్చుని నడుము, కళ్ళు పోగొట్టుకున్న మనిషి కూతురు కూడా అదే గుంటలో దిగాలని ఎందుకు కోరుకుంటాడు చెప్పండి. కానీ నేయడం వేరు, నేతకి డిజైన్ తయారుచేయడం వేరు, పాప అడుగుతున్నది రెండోది, ఈ తేడా ముందు ఆయనకి కూర్చోబెట్టి చెప్పండి.

ఇక పాప విషయం. బొమ్మలు బాగా గీస్తుంది కాబట్టి డిజైనర్ అయిపోతుందని మాత్రం నేను అనను. కాగితం మీద పువ్వు గీసేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఆ పువ్వుని పడుగు పేకల్లోకి, అంటే నిలువు అడ్డం పోగుల్లోకి, దించగలిగేవాళ్ళే తక్కువ, జీతం వచ్చేది వాళ్ళకే. ఉదాహరణకి మీ జకార్డుకి పడుగు పోగుల్ని పైకి లేపే హుక్కులు 240 ఉండి, హుక్కుకి ఒక్కో పోగు చొప్పున అంగుళానికి 80 పోగులు పడుతున్నాయనుకోండి, అంటే డిజైన్ 3 అంగుళాల్లో పూర్తయి మళ్ళీ మొదటికి రావాలి, పాప గీసిన కొమ్మ ఎంత అందంగా ఉన్నా ఆ 3 అంగుళాల్లో కుదిరి, ఈ చివర తెగిన తీగ ఆ చివర అతుక్కోవాలి. ఇంకోటి, పేక అంగుళానికి 60 మాత్రమే పడితే గడికి ఒక పోగు లెక్కన మామూలు చదరపు గ్రాఫ్ మీద గుండ్రంగా గీసిన పువ్వు చీర మీద కోడిగుడ్డులా నిలువుగా సాగిపోతుంది, 40 గళ్ళ వెడల్పుకి 30 గళ్ళ ఎత్తు పెట్టుకుంటేనే అది గుండ్రంగా వస్తుంది. ఇవి మీ ఆయనకి చేతిలో విద్య, కాలేజీలో చాలామంది పిల్లలు మగ్గం మొహం మొదటిసారి చూసేదే అక్కడ, మీ పాపకి ఇంట్లోనే ఉంది.

నాకు ఈ పనిలో బాగా నచ్చేది ఒకటుంది, చెప్పకుండా ఉండలేను. పెద్ద ఆకు మొత్తం జరీతో నింపేస్తే ఆ జరీ పోగు పడుగు మీద ఎక్కడా కట్టుపడకుండా పొడుగ్గా తేలుతుంది, గాజుకో ఉంగరానికో తగులుకుని లేచిపోతుంది, అందుకని మధ్యమధ్యలో పడుగు పోగుతో దాన్ని కట్టాలి. తెలివైన డిజైనర్ ఆ కట్టు ఎక్కడ వేస్తుందంటే ఆకు ఈనె ఉన్నచోట వేస్తుంది! అప్పుడు గుడ్డకి బలం, బొమ్మకి ఈనె, రెండూ ఒకే పోగుతో వచ్చేస్తాయి. ఈనెలు ఎలా చీలతాయో, ఆకులు కొమ్మకి ఏ వరసలో వస్తాయో బైపీసీలో చదువుకున్న పిల్లకి ఇది ఎంత దగ్గరగా ఉంటుందో ఆలోచించండి, బైపీసీ వేస్టయిపోతుందని బాధపడొద్దు. ఫోన్లో పూల ఫొటోలు చూసి గీయడం మాత్రం మాన్పించండి, చింతకొమ్మ ఒకటి, తంగేడు పూల గుత్తి ఒకటి ఎదురుగా పెట్టుకుని గీయమనండి. చింతాకు తక్కువ హుక్కుల లెక్కలో కూడా చక్కగా ఒదుగుతుంది, తంగేడు రేకుల ముడతలే కష్టం, అక్కడ ఏం వదిలేయాలో నేర్చుకుంటుంది. లేపాక్షి మీకు దగ్గరే కదా, లతామండపం స్తంభాల మీది తీగలు చూపించండి, అవి చీర అంచుల్లోకి వచ్చిన సంగతి మీ ఆయనకి తెలిసే ఉంటుంది.

నేసేవాళ్ళే డిజైన్ చేయాలని కూడా ఏం లేదమ్మా. 1700ల్లో లండన్ స్పిటల్‌ఫీల్డ్స్‌లో అన్నా మరియా గార్త్‌వైట్ అనే ఆవిడ అచ్చం తోటలో ఉన్నట్టే పూలు గీసి పట్టు నేతగాళ్ళకి డిజైన్లు ఇచ్చేది, అప్పటికి జకార్డు మిషనే రాలేదు, అది 1804 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో వచ్చింది. ఆవిడ రంగుల బొమ్మలు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో వందల్లో ఉన్నాయి, ఆన్‌లైన్‌లో పాపని చూడమనండి.

చదువుకి వస్తే, హైదరాబాద్ నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ)లో టెక్స్‌టైల్ డిజైన్ ఉంది, ఆంధ్రప్రదేశ్ ఎన్ఐడీ (జాతీయ డిజైన్ సంస్థ)లో టెక్స్‌టైల్ అండ్ అపారెల్ ఉంది, రెండూ నాలుగేళ్ళ బీడిజైన్ డిగ్రీలే, ఇంటర్ ఏ గ్రూపైనా పర్లేదు కానీ ఎంట్రన్స్ రాయాలి, దసరా నుంచే నోటిఫికేషన్ల మీద ఓ కన్నేసి ఉంచండి. ఖర్చు లక్షల్లో ఉంటుంది, దాచిపెట్టి లాభం లేదు. అయితే చేనేత కుటుంబాల పిల్లలు ప్రభుత్వ గుర్తింపు ఉన్న టెక్స్‌టైల్ సంస్థల్లో చదివితే కేంద్రం ఏడాదికి 2 లక్షల వరకు స్కాలర్‌షిప్ ఇస్తుంది, ఇంట్లో ఇద్దరి వరకు, మీ ఆయన చేనేత గుర్తింపు కార్డు తీసుకుని విజయవాడ వీవర్స్ సర్వీస్ సెంటర్‌లో అడగండి. అంత దూరం, అంత ఖర్చు వద్దనుకుంటే వెంకటగిరిలో ప్రగడ కోటయ్య పేరు మీదున్న చేనేత టెక్నాలజీ సంస్థలో మూడేళ్ళ డిప్లొమా ఉంది, నేత లెక్కలు మాత్రం గట్టిగా వస్తాయి.

ఉద్యోగాలంటే చీరలొక్కటే కాదు, కర్టెన్లు, సోఫా గుడ్డలు, పరుపుల పైగుడ్డ అన్నీ జకార్డే, పానిపట్, కరూర్, సూరత్, బెంగళూరు ఇవన్నీ పని దొరికే ఊళ్ళు. మొదట్లో జీతం పెద్దగా ఉండదు, నర్సింగ్‌తో పోలిస్తే గ్యారంటీ కూడా తక్కువే, అది నిజం. సొంతంగా చేస్తే కాపీ బెడద ఉంది, కొత్త డిజైన్ బయటికి రాకముందే డిజైన్స్ చట్టం కింద రిజిస్టర్ చేయిస్తే దాని మీద హక్కు 10 ఏళ్ళు ఉంటుంది, ఇంకో 5 పొడిగించుకోవచ్చు.

నిర్ణయం ఇప్పుడే తీసుకోకండి. పరీక్షలయ్యాక రెండు నెలలు టైమివ్వండి, ఒక్క చిన్న బుటా, చింతాకుదే, పాపే గ్రాఫ్ వేయాలి, ఆ గ్రాఫ్ ప్రకారం జకార్డు అట్టలకి చిల్లులు కొట్టించి మీ మగ్గం మీదే జానెడు గుడ్డ నేయించండి. ఆ గుడ్డ చూసి తప్పులు దిద్దుకోవడానికి మళ్ళీ గ్రాఫ్ ముందు కూర్చుంటే పంపించండి, విసుక్కుని లేచిపోతే అప్పుడు నర్సింగ్ మాట ఎత్తండి. అట్టలు కొట్టించే ముందు మాత్రం ఆ గ్రాఫ్ మీ ఆయన చేతిలో పెట్టండి, పోగు ఎక్కడ తేలుతుందో ఆయన చూడగానే చెప్పేస్తారు.