చురక అంటించే కళ: మీ ప్రశ్నలు, మా జవాబులు

మాటల చమత్కారం మీద ఈసారి ఉత్తరాలు చాలా వచ్చాయి. ఒకే తరహా ప్రశ్నలను కలిపేసి, అయిదింటికి జవాబులు ఇస్తున్నాం.

పొగుడుతున్నట్టే ఉండి తిట్టడం నేర్చుకోవాలని ఉంది. నేను రాస్తే మాత్రం మొదటి ముక్కకే అది తిట్టని అందరికీ తెలిసిపోతోంది. లోపం ఎక్కడ? (తణుకు నుంచి ఒక పాఠకురాలు)

లోపం తిట్టులో ఉండదమ్మా, పొగడ్తలో ఉంటుంది. చాలామంది లోపలి అర్థం మీదే శ్రమ పడి, పైఅర్థాన్ని ఏదో ఒక ముసుగులా కప్పేస్తారు. పైఅర్థం కూడా నిజమైన పొగడ్తలా అతకాలి. మీరు రాసిన వాక్యాన్ని ఆ మనిషిని ఎరగని వాళ్లకు వినిపించండి. వాళ్లు దాన్ని మెచ్చుకోలనే అనుకుంటే సరిగ్గా కుదిరినట్టు. వాళ్లకూ తిట్టులాగే వినిపిస్తే తిరగరాయాలి.

మన అలంకారశాస్త్రంలో దీనికి పాత కొలతలున్నాయి. 16వ శతాబ్దంలో అప్పయ్య దీక్షితులు కువలయానందం అనే గ్రంథంలో మూడు అచ్చులు చూపించాడు. మొదటిది తిట్టులా కనిపించే పొగడ్త: "గంగమ్మా, నీకు వివేకం ఏదీ? పాపులను తీసుకెళ్లి స్వర్గంలో పెడుతున్నావు." రెండోది పొగడ్తలా కనిపించే తిట్టు. ప్రియుణ్ణి పిలుచుకు రమ్మని పంపిన దూతి ఒంటి మీద గాట్లతో తిరిగొస్తే నాయిక అంటుంది: "భేష్ దూతీ! నాకోసం పంటిగాట్లూ గోటిగాట్లూ కూడా భరించావు, ఇంతకన్నా ఏం చేయాలి?" ఆ ప్రియుడితో గడిపి వచ్చింది నువ్వేనని ఎత్తిపొడుపు. మూడోది ఒకరిని నిందిస్తూ వేరొకరికి తగిలించడం: "బ్రహ్మదేవా, తప్పంతా ఆనాడు నీ తల ఒక్కటే నరికినవాడిది." ఇక్కడ పైకి తిట్టు తిన్నది శివుడు, దెబ్బ తగిలింది బ్రహ్మకు. మొదటి రెండూ వ్యాజస్తుతి, మూడోది వ్యాజనింద. మీరు అడిగింది రెండో అచ్చు. మూడింటిలోనూ కష్టమైనది అదే.

ఆ రెండో అచ్చుకు అందరికీ తెలిసిన శ్లోకం ఒకటి ఉంది. విప్పి చూద్దాం.

వైద్యరాజ నమస్తుభ్యం యమరాజసహోదర
యమస్తు హరతి ప్రాణాన్ వైద్యః ప్రాణాన్ ధనాని చ

"వైద్యరాజా, నీకు నమస్కారం" అని బిరుదుతో, దండంతో మొదలైంది. వెంటనే "యమరాజుకు తోబుట్టువా" అనే పిలుపు. వైద్యరాజుకు యమరాజు ప్రాస కుదరడంతో అది కూడా మరో బిరుదులాగే చెవిలోకి దిగిపోతుంది. మూడో పాదం అందరికీ తెలిసిన సంగతే, యముడు ప్రాణాలు తీస్తాడు. వైద్యుడు? "ప్రాణాలు" అన్నంతవరకు ఇద్దరూ సమానం. శ్లోకం అయిపోతోందనగా "డబ్బూ కూడా" అని వచ్చి కూర్చుంది. ఆ ఒక్క మాటతో అన్న కంటే తమ్ముడు రెండాకులు ఎక్కువే చదివాడని తేలిపోయింది. కవి తిట్టుపదం ఒక్కటీ వాడలేదు. అదే మాటను రెండో పాదంలో అనేసి ఉంటే మిగతాదంతా వృథా అయ్యేది.

దేవుడి మీద వేసిన చురకల్లో మాకు శ్రీనాథుడి చాటువుకు సాటి కనిపించదు. పల్నాటి సీమలో గుక్కెడు నీళ్లు దొరక్క చెప్పాడని జనం చెప్పుకుంటారు.

సిరిగలవానికి జెల్లును
దరుణుల బదియాఱువేల దగ బెండ్లాడన్
దిరిపెమున కిద్దఱాండ్రా
పరమేశా! గంగ విడుము, పార్వతి చాలున్

కలిగినవాడు పదహారు వేలమందిని చేసుకున్నా చెల్లుతుంది, బిచ్చమెత్తుకునేవాడికి ఇద్దరు పెళ్లాలా? ఇందులో అబద్ధం ఒక్కటి లేదు. కృష్ణుడికి పదహారు వేలమంది, శివుడు ఆదిభిక్షువు, గంగా పార్వతీ ఇద్దరూ ఆయన దగ్గరే ఉన్నారు. అన్నీ నిజాలే కాబట్టి ఎదుటివాడు కాదనలేడు. ఇక "గంగ విడుము" చూడండి. పైకి ఒక భార్యను వదిలేయమన్న ఎగతాళి, లోపల నీళ్లు వదలమన్న మొర. రెండు పనులూ చేసింది ఒకే క్రియ. చురకకు ముడిసరుకు ఎదుటివాడి గురించి నలుగురికీ తెలిసిన నిజమే. కల్పించి అన్నది చురక కాదు, నీలాపనింద.

మీ చేతిలో ఉన్న ఇంకో సౌకర్యం తెలుగు వాక్యమే. క్రియ చివర వస్తుంది కాబట్టి వినేవాణ్ణి ఆఖరి మాట దాకా పొగడ్తలోనే ఉంచవచ్చు. "ఆయన ఎవరి దగ్గర అప్పు తీసుకున్నా వడ్డీతో సహా మర్చిపోతారు." "వడ్డీతో సహా" దాకా పెద్దమనిషే. దీన్నే "ఆయన అప్పు మర్చిపోతాడు, వడ్డీ కూడా ఇవ్వడు" అని రాస్తే ఫిర్యాదు అయిపోతుంది. మీ వాక్యాలన్నిటినీ ఒకసారి ఇలా సరిచూడండి: కుట్టే మాట ఎక్కడుంది, దాని తరవాత ఇంకేమైనా మాటలు మిగిలాయా? మిగిలితే కొట్టేయండి.

మా సాహితీ సంస్థ వార్షికోత్సవంలో, గంటల తరబడి మాట్లాడే మా అధ్యక్షుల మీద సరదాగా ఒక పద్యం చదవమన్నారు. ఛందస్సు కొంచెం వచ్చు. ఏ పద్యం ఎంచుకోవాలి? (కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు)

ఆటవెలది ఎంచుకోండి. ప్రాస (పాదాల్లో రెండో అక్షరం కలవడం) నియమం లేదు, పాదాలు పొట్టివి, వినగానే అర్థమవుతుంది. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు (న, గల), రెండు ఇంద్రగణాలు (త, భ లాంటివి). 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాలి. మీ సందర్భానికి ఒకటి కట్టి ఇస్తున్నాం:

మైకు పట్టినావు మా నిద్రలేమికి
మందు దొరికెనయ్య మాటలందు
వైద్యుడేల మాకు, వట్టి ఖర్చెందుకు
నిదుర పట్టుదాక నిలువుమయ్య

మొదటి పాదం గణాలు: మైకు (గల), పట్టి (గల), నావు (గల), మా నిద్ర (త), లేమికి (భ). యతి మై, మా. నాలుగో పాదం: నిదుర (న), పట్టు (గల), దాక (గల), నిలువు (న), మయ్య (గల). యతి ని, ని. మిగతా రెండూ మీరే విడగొట్టి చూసుకోండి.

"మందు దొరికెనయ్య" అనేదాకా అధ్యక్షుల వారి వాక్కు ఔషధమన్నట్టే ఉంటుంది. మూడో పాదం ఆ పొగడ్తను ఇంకాస్త పెంచుతుంది. నాలుగో పాదంలో "నిలువుమయ్య" అని మరికాసేపు మాట్లాడమని వేడుకుంటున్నాం. పొడుపంతా ఆ వేడుకోలులోనే ఉంది.

వేమన పద్యాల్లో నాలుగో పాదం మకుటానికి పోతుంది కాబట్టి దెబ్బ మూడో పాదంలో పడుతుంది. "కంచు మ్రోగినట్లు కనకంబు మ్రోగునా" అలాంటిదే. మీరు మకుటం పెట్టుకుంటే ఆఖరి పాదం చేజారుతుంది. ఇలాంటి పద్యానికి మకుటం వద్దు.

సాధారణంగా చెడేది యతి దగ్గర. యతి కుదరక "గాదె", "సుమ్మి", "నిజము" లాంటివి ఇరికిస్తారు, పద్యం నీరసపడుతుంది. అలాంటప్పుడు నాలుగో గణాన్ని ముందు రాసుకుని, దానికి తగ్గట్టు పాదం మొదలు మార్చండి. గణం తప్పితే మాత్రం అసలు చదవకండి. మీ అధ్యక్షులు పండితులైతే లేచి ఆ తప్పు ఒక్కటి చెబుతారు, సభ ఆయన పక్షం వహిస్తుంది. చదివేటప్పుడు నాలుగో పాదానికి ముందు ఊపిరి తీసుకునేంత విరామం ఇవ్వండి. మీరు ముందే నవ్వకండి.

డిగ్రీ అయి రెండేళ్లయింది. ఎక్కడ కనబడినా చుట్టాలు "ఇంకా ఖాళీయేనా?" అంటారు. పెద్దవాళ్లతో గొడవ పడకుండా నోరు మూయించే దారి ఉందా? (కాకినాడ నుంచి ఒక యువకుడు)

గోదావరి జిల్లాల వాడివి, వెటకారం మీ ఇంటి సొత్తు. మీ వైపు పెద్దలు "అండీ", "ఆయ్" అంటూ మర్యాద పెంచేకొద్దీ చురక పదునెక్కుతుంది. ఏకవచనంలోకి దిగావంటే అది గొడవే.

ముందు ఎదుటివారి మాట ఒప్పుకో. తరవాత దాన్ని ఒక్క మెట్టు ముందుకు తీసుకెళ్లు. అక్కడ ఆగిపో.

"ఇంకా ఖాళీయేనా రా?"
"ఖాళీయే బాబాయ్. మీరు అడగడానికి వచ్చేసరికి ఇంట్లో ఒకరైనా ఉండాలి కదండీ."

ఇందులో బాబాయిని ఏమీ అనలేదు, ఆయన పని ఆయనకు చూపించావు, అంతే. రెండో వాక్యం తరవాత ఇంకోటి చేర్చకు. "మీ అబ్బాయికి మాత్రం వచ్చిందా ఏంటి?" అని ఆయన కొడుకును లాగితే, అక్కడ లేని మనిషి మీద పడ్డావని తప్పు నీ మీదకే వస్తుంది. నిజంగా నీ మేలు కోరి ఉద్యోగం సంగతి అడిగేవాళ్లూ ఉంటారు. వాళ్ల మీద దీన్ని వాడకు.

మా కళాశాలలో అష్టావధానం. నాకు అప్రస్తుత ప్రసంగం ఇచ్చారు. అవధానిని ఎంతవరకు ఆటపట్టించవచ్చు? (నెల్లూరు నుంచి ఒక అధ్యాపకురాలు)

మీ పని ఆయన ఏకాగ్రతకు అడ్డు తగలడం. ప్రశ్న రెండు వాక్యాలు దాటకూడదు. నిషిద్ధాక్షరిలో (అడుగడుగునా అక్షరాలు వద్దంటుంటే పద్యం చెప్పడం) ఆయన అక్షరం వెతుక్కుంటున్నప్పుడో, దత్తపది (ఇచ్చిన పదాలతో చెప్పే పద్యం) పాదం సగంలో ఉన్నప్పుడో అడిగితే రక్తి కడుతుంది. చివర ధారణ, అంటే చెప్పిన పద్యాలన్నీ తిరిగి ఒప్పజెప్పడం, మొదలయ్యాక అడ్డు రాకండి. సభలో అప్పుడే జరిగిన దాన్ని పట్టుకున్న ప్రశ్న, ఇంటి నుంచి రాసుకొచ్చిన పది ప్రశ్నల కంటే మేలు. విజ్ఞాన పరీక్షలా అడగకండి, జవాబు తెలియకపోతే సభ చప్పబడుతుంది. ఆయన శరీరం, కుటుంబం, కులం జోలికి అసలు వెళ్లవద్దు.

ఒక నమూనా:

"అవధాని గారూ, ముందు వరుసలో ఆయన కునుకు తీస్తున్నారు. మీ పద్య ప్రభావమేనా?"
"నా పద్యం ఇంకా రెండో పాదంలోనే ఉందమ్మా. పూర్తయింది మీ ప్రశ్న ఒక్కటే."

జవాబు మీ మీదకే తిరగబడిందా? అది మీరు ఆడిన మంచి ఆట. మారు మాట వేయకుండా చప్పట్లు కొట్టండి. అవధాని తప్పించుకోవడానికి సందు లేని ప్రశ్న వేసి గెలిచినా, సభకు దక్కేదేమీ ఉండదు.

మా అపార్ట్‌మెంట్ కార్యదర్శి మీద పేరు పెట్టకుండా వాట్సాప్ గ్రూపులో వ్యంగ్యం రాస్తే చిక్కులేమైనా ఉంటాయా? పెళ్లిలో వియ్యపురాలి మీద పాడే పాటలకూ ఇవే హద్దులా? (హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు)

చిక్కులున్నాయి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ పరువు నష్టానికి సంబంధించినది. వ్యంగ్యంగా అన్న మాట కూడా పరువు నష్టం కిందికి రావచ్చని అందులోని వివరణే చెబుతోంది. పేరు రాయకపోయినా ఎవరో గుర్తుపట్టగలిగితే చాలు. శిక్ష రెండేళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ. కులం ఎత్తి ఎస్సీ, ఎస్టీలను నలుగురిలో అవమానిస్తే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుంది. అది ఇంకా తీవ్రమైనది.

అందుకే కంటికి కనిపించే పని మీద మాత్రమే రాయండి. "మోటారు బాగు చేయించడంలో కార్యదర్శి గారి ఓర్పుకు జోహార్లు" అంటే అందరూ చూస్తున్న ఆలస్యం మీద మీ అభిప్రాయం. "మోటారు డబ్బులు ఏ జేబులోకి వెళ్లాయో" అంటే దొంగతనం అంటగట్టడం. దానికి రుజువు చూపించాల్సింది మీరే.

పెళ్లి పాటల సంగతి వేరు. అక్కడ ఎగతాళి చేయడం ముచ్చట, వియ్యాలవారు దాని కోసం ఎదురుచూస్తారు. బంతిలో వడ్డన సాగుతుండగా ఆడపెళ్లివారు అందుకుంటారు, మగపెళ్లివారు తిప్పికొడతారు. తిండి, నగలు, పట్టుచీర అంచు, అలకలు, పీనాసితనం మీద ఎంతైనా పాడుకోవచ్చు. రంగు, పిల్లలు లేకపోవడం, జబ్బు, వైధవ్యం, ఇచ్చిపుచ్చుకున్న లాంఛనాలు వద్దు. ముఖ్యంగా లాంఛనాల మాట పాటలో వచ్చిందంటే ఆ పెళ్లిలో ఇక పాట ఉండదు, పంచాయితీ ఉంటుంది.

వరస కట్టుకోవడానికి రెండు పాదాలు ఇస్తున్నాం:

అప్పడం విరిచితే వేలు నొచ్చిందంట మా వదినగారికీ
అరిసెల పళ్లెమెత్తితే ఏ నొప్పీ లేదంట మా వదినగారికీ

ఒక్కొక్క జంటలో మొదటి పాదం సుకుమారం, రెండోది ఆశ. ఇదే అచ్చులో జంటలు నాలుగైదు చాలు. వియ్యపురాలు కొత్త మనిషి అయితే ముందు రోజు మీ అమ్మాయి చేతే ఆవిడ మనసు కనుక్కోండి. ఇష్టం లేదంటే పాటలన్నీ మీ అన్నావదినల మీదకు మళ్లించండి.