టెక్ సందేహాలు: స్పీడ్ బాగానే ఉంది, మాటే తెగిపోతోంది

ప్రశ్న: అన్నా, మాది పలాస. ఇంటి నుంచే ఉద్యోగం. 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్, స్పీడ్ టెస్ట్ ఎప్పుడు పెట్టినా 90కి తగ్గదు. కానీ మీటింగ్‌లో నా గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందంటున్నారు. కస్టమర్ కేర్‌కి చెబితే స్పీడ్ వస్తోంది కదా, మా వైపు ఏమీ లేదు అంటారు. మేనేజర్ ముందు ఒకటే టెన్షన్. రౌటర్ మార్చేయమంటారా?

జవాబు: ఇప్పుడే రౌటర్ జోలికి వెళ్లకు తమ్ముడూ. చెప్పినదాన్ని బట్టి మీ ఇంటికీ అవతలివాళ్లకీ మధ్య ఎక్కడో ప్యాకెట్లు, అంటే నెట్‌లో వెళ్లే డేటా ముక్కలు, పడిపోతున్నాయి. స్పీడ్ టెస్ట్‌లో ఇది సరిగ్గా బయటపడదు. ఎందుకంటే స్పీడ్ టెస్టులూ డౌన్‌లోడ్లూ మామూలుగా టీసీపీ పద్ధతిలో నడుస్తాయి, అందులో ఒక ప్యాకెట్ అందకపోతే దాన్ని మళ్లీ పంపిస్తారు, మనకి ఆ సంగతే తెలియదు, పైగా ఒకేసారి చాలా కనెక్షన్లు తెరిచి లాగుతుంది కాబట్టి మొత్తం మీద అంకె బాగానే కనిపిస్తుంది. కాల్ అలా కాదు. మామూలుగా గొంతును 20 మిల్లీసెకన్ల ముక్కలు చేసి, సెకనుకి 50 చొప్పున ఎక్కువగా యూడీపీలో, అంటే పోయినదాన్ని మళ్లీ పంపని పద్ధతిలో, పంపుతుంది. పోయిన ముక్క ఆలస్యంగా వచ్చి ఏం లాభం, మాట దాటిపోయింది కదా. ఒకటీ అరా పోతే యాప్ సర్దేస్తుంది. వరుసగా చాలా పోయాయంటే మాత్రం 'రేపటికి ఇస్తాను' అన్నది అవతల 'రే... స్తాను' అని వినిపిస్తుంది.

మీ ఊరి లెక్కలోనే చెప్తాను. గోడౌన్‌లో 100 జీడిపప్పు డబ్బాలు ఎక్కించారు, విశాఖలో దింపితే 97 ఉన్నాయి. డ్రైవర్‌ని అనే ముందు ఏం చేస్తారు? గేటు దగ్గర ఎన్ని, లారీ ఆఫీసు దగ్గర ఎన్ని, దింపినచోట ఎన్ని అని ఒక్కో చోటా లెక్క చూస్తారు. ఇక్కడ కూడా అంతే, ఆ లెక్క చూసే పనిముట్టు పింగ్, ఒక అడ్రస్‌కి చిన్న ప్యాకెట్లు పంపి ఎన్నింటికి జవాబు వచ్చిందో, ఎంతసేపట్లో వచ్చిందో చూపిస్తుంది. 1983 డిసెంబర్‌లో మైక్ మూస్ అనే అమెరికన్ ఇంజనీర్ తన నెట్‌వర్క్ సరిగ్గా పనిచేయడం లేదని ఒక్క సాయంత్రంలో కూర్చుని రాసిన చిన్న ప్రోగ్రామ్ అది, ఇవాళ్టికీ మనం మొదట పట్టుకునేది దాన్నే.

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'ping -n 100 192.168.1.1' అని కొట్టు (మీ రౌటర్ అడ్రస్ వేరేదైతే అది). ఇది లాప్‌టాప్ నుంచి రౌటర్ దాకా లెక్క. ఉత్తినే పింగ్ అని కొడితే నాలుగే పంపి ఆగిపోతుంది, నాలుగింటితో ఏమీ తేలదు, కనీసం 100 పంపాలి, వీలైతే కాల్ తెగుతున్న టైములోనే పంపాలి. రెండోది, ట్రేసర్ట్: 'tracert 8.8.8.8' కొడితే (8.8.8.8 అంటే గూగుల్ సర్వర్ అడ్రస్) ప్యాకెట్ దారిలో దాటే పరికరాలు, అంటే మజిలీలు, వరుసగా వస్తాయి, అందులో మొదటిది మామూలుగా నీ రౌటర్, రెండోది చాలాసార్లు నీ ప్రొవైడర్ పరికరం. ఆ రెండోదాని అడ్రస్‌కి కూడా ఇలాగే 100 పింగ్‌లు పంపు. చివరగా 8.8.8.8కి 100. మూడు ఫలితాలూ పక్కపక్కన రాసుకో.

మొదటి లెక్కలోనే పోతే తప్పు ఇంట్లోనే ఉంది, కస్టమర్ కేర్‌ని అనకు. వైఫై అయితే ఇంకో సంగతి గమనించు: అందని ప్యాకెట్‌ని వైఫై తనే మళ్లీ మళ్లీ పంపుతుంది, అందుకని లాస్ (పోయిన ప్యాకెట్ల శాతం) సున్నా చూపించి టైమ్ మాత్రం 3 మిల్లీసెకన్ల నుంచి ఒక్కసారిగా 300కి ఎగురుతుంది. కాల్‌కి అదీ దెబ్బే. రౌటర్‌కి లాన్ వైరు పెట్టి ఇదే పింగ్ మళ్లీ చెయ్యి. వైరుతో శుభ్రంగా వస్తే 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మారు, గోడలు అడ్డమై అది అందకపోతే 2.4లో చానెల్ 1, 6, 11లో ఖాళీగా ఉన్నది పెట్టు. వైరుతో కూడా పోతే ఆ వైరూ, దాని చివర క్లిప్పూ మార్చి చూడు.

ఇల్లు శుభ్రంగా ఉండి రెండో మజిలీ నుంచి చివరిదాకా పోతోందా, అప్పుడు ఫైబర్ వైపు చూడాలి. ఇక్కడ నా అనుభవం చెప్పాలి. విజయనగరంలో మా ఇంట్లో కొన్నాళ్లు గాలివాన వస్తే చాలు కాల్స్ తెగిపోయేవి. వాన వెలిస్తే బాగుండేది. లైన్‌మన్ రెండుసార్లు వచ్చి రౌటర్ మార్చాడు, స్తంభం మీద జాయింట్ మళ్లీ వేశాడు, ఏమీ మారలేదు. ఓసారి వాన పడుతుండగానే రౌటర్ పేజీలో ఆప్టికల్ పవర్, అంటే ఫైబర్‌లో వచ్చే వెలుతురు బలం, చూశాను, మైనస్ 28 డీబీఎం ఉంది (మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గినట్టు). గదిలో ఉక్కగా ఉందని కిటికీ తీశాను. మళ్లీ చూస్తే మైనస్ 20. కేబుల్ ఆ కిటికీలోంచే లోపలికి వస్తోంది, వాన వచ్చినప్పుడల్లా మేము రెక్క గట్టిగా వేసి గడియ పెడుతున్నాం, చెక్క కింద అది నలిగి వంగిపోతోంది. గాజుతీగ కదా, మరీ వంచితే లోపలి వెలుతురు వంపు దగ్గర బయటికి పోతుంది. పక్కన చిన్న రంధ్రం వేయించి కేబుల్ అటు తిప్పాక మళ్లీ ఆ బాధ లేదు. ఎన్ని మీటింగుల్లో మాట పడ్డానో తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. ఇళ్లలో వాడే జీపాన్ పెట్టెలకి (ఫైబర్ వచ్చి చేరే పెట్టెలు) మామూలుగా మైనస్ 27 ఆఖరి గీత, దానికంటే కిందికి పోతే తప్పులు మొదలవుతాయి. మీ పెట్టెలో ఎంత ఉందో చూడు, కేబుల్ వచ్చిన దారంతా చేత్తో తడుముకుంటూ రా, బీరువా వెనకా మేకు చుట్టూ ముఖ్యంగా.

పవర్ బాగుండి, పగలు శుభ్రంగా వచ్చి, రాత్రి 8 నుంచి 11 దాకా మాత్రమే రెండో మజిలీ నుంచి పోతోందంటే మీ ఏరియా లైన్ మీద జనం ఎక్కువైనట్టే అనుకో. ఇది నీ చేతిలో లేదు. తేదీ, టైముతో స్క్రీన్‌షాట్లు తీసి ఫిర్యాదు నంబర్‌కి జత చెయ్యి, 'స్పీడ్ రావట్లేదు' అనకుండా 'రెండో మజిలీ నుంచి వందకి ఏడు పోతున్నాయి' అని అంకెతో చెప్పు, అంకె చెప్పినవాళ్ల మాట మీదివాళ్ల దాకా వెళ్తుంది.

ప్రశ్న: పాత్‌పింగ్ (ఒక్కో మజిలీకీ లాస్ ఎంతో చూపే విండోస్ కమాండ్) చేస్తే అయిదో మజిలీలో 60 శాతం లాస్ చూపిస్తోంది. ప్రొవైడర్ మోసం చేస్తున్నాడా? (బొబ్బిలి నుంచి)

జవాబు: లేదండి. మీరు పంపిన ఫోటోలో ఆరు నుంచి చివరిదాకా సున్నా ఉంది. అయిదో దగ్గర నిజంగా సగానికి పైగా పోతే ఆ తర్వాతివాళ్లకి మొత్తం ఎలా అందుతాయి? పెద్ద రౌటర్లు ప్యాకెట్లు ముందుకు పంపడమే పనిగా పెట్టుకుంటాయి, పింగ్‌కి జవాబివ్వడం వాటికి తీరిక ఉంటేనే. ట్రేసర్ట్‌లో నక్షత్రం గుర్తులు (*) కనిపించేదీ చాలావరకు ఇందుకే. ఒక చోట మొదలై చివరిదాకా కొనసాగిన లాస్‌నే లెక్కలోకి తీసుకోండి.