ఉద్యోగం అడగడానికి ముందు పని గురించి అడగండి

నమస్కారం. ఎంబీఏ ఫైనాన్స్ పూర్తిచేసి పాలకొల్లులో ఉంటూ, లింక్డ్‌ఇన్‌లో 40 మందికి బయోడేటా పంపినా ఒక్కరూ పలకలేదని రాశారు. ముక్కూ మొహం తెలియనివారు మొదటి మాటలోనే ఉద్యోగం అడిగితే ఎవరైనా ఏం చెప్పగలరు?

మీ చుట్టుపక్కల రొయ్యల చెరువులకూ రైస్ మిల్లులకూ పెట్టుబడి కావాలి కనుక, భీమవరంలోనో రాజమహేంద్రవరంలోనో ఆ ఖాతాలు చూసే ఆడిటరు గారిని గానీ, బ్యాంకులో రుణాలు చూసే అధికారిని గానీ కలిసి, వారి పని గురించే అడగండి. ఉదాహరణకు, ఒక మిల్లు బ్యాంకుకిచ్చే సరుకు లెక్కలో (స్టాక్ స్టేట్‌మెంటులో) 80 లక్షల సరుకు చూపి, అందులో 20 లక్షలు ధాన్యం అమ్మినవారికి ఇంకా బాకీ ఉంటే, మిగిలిన 60 లక్షల్లో మిల్లు సొంతంగా పెట్టుకోవాల్సిన వాటా (మార్జిన్) 25 శాతం తీసివేయగా, బ్యాంకు నుంచి వాడుకోగల రుణ పరిమితి (డ్రాయింగ్ పవర్) 45 లక్షలే అవుతుంది. ఈ లెక్క ముందే వేసుకుని వెళ్లి, ఇంకా పట్టుబడికి రాని రొయ్యకు విలువ ఎలా కడతారని అడిగితే, వారు కుర్చీ ముందుకు జరుపుకుని మాట్లాడతారు. పూతరేకుల పొట్లం పట్టుకెళ్లడం మాత్రం, నా ఉద్దేశంలో, అనవసరం.

మార్చి, సెప్టెంబరు నెలాఖరుల్లో వెళ్లకండి. వారికి ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. వారు చెప్పినదానిలో ఒకటైనా చేసి చూసి, నెల తర్వాత ఏం తెలిసిందో రెండు వాక్యాల్లో వారికి రాయండి. మూడోసారో నాలుగోసారో కలిసినప్పుడు, ఖాళీలేమైనా ఉన్నాయా అని సూటిగా అడగడంలో తప్పు లేదు.